తిండి పోటీలు: కడుపుకిచ్చే శిక్షణ ఏమిటి, ప్రాణం మీదికొచ్చేది ఎక్కడ?

2024 సెప్టెంబరులో ఓణం సంబరాల్లో భాగంగా కేరళలోని పాలక్కాడ్ జిల్లా వాళయార్ సమీపంలో స్థానికులు ఇడ్లీలు తినే పోటీ పెట్టారు. ఆ పోటీలో ఇడ్లీలు గొంతుకు అడ్డుపడి 49 ఏళ్ల లారీ డ్రైవరు ఒకరు ఊపిరాడక పడిపోయారు. చుట్టూ ఉన్నవాళ్లు ఇడ్లీ బయటికి తీసి ఆస్పత్రికి తీసుకెళ్లినా ప్రాణం దక్కలేదు. అంతకు అయిదేళ్ల ముందు, 2019 నవంబరులో, ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పుర్ జిల్లాలో ఇద్దరు స్నేహితుల మధ్య పందెం: 50 గుడ్లు తింటే 2,000 రూపాయలు. 41 గుడ్లు తిన్నాక పందెం కాసిన వ్యక్తి కుప్పకూలాడు. ఆస్పత్రిలో చనిపోయాడు.

వీళ్లిద్దరూ తిండి పోటీల్లో ఆరితేరినవాళ్లు కారు. సరదాగా దిగినవాళ్లు. మరోవైపు అమెరికాలో, జపాన్‌లో దీన్నే వృత్తిగా పెట్టుకుని, ఏళ్ల తరబడి సాధన చేసి, పది నిమిషాల్లో 70కి పైగా హాట్‌డాగ్‌లు మింగి లేచి నవ్వుతూ చేతులూపేవాళ్లున్నారు. వాళ్లకు ప్రమాదం లేదా అంటే ఉంది. కాకపోతే అది ఉండే చోటు వేరు. సాధన లేనివాడికి ముప్పు గొంతు దగ్గర, నిమిషాల్లో వస్తుంది. సాధన చేసినవాడికి కడుపు దగ్గర, ఏళ్ల మీద వస్తుంది. ఎందుకంటే ఈ ఆటలో శిక్షణ అంటే బలం పెంచుకోవడం కాదు. ‘ఇక చాలు’ అని శరీరం చెప్పే మాట వినపడకుండా చేసుకోవడం.

‘ఒకేసారి ఎంత పెట్టాలి’ అన్న ఇదే ప్రశ్నను పూర్తిగా ఎదురు దిక్కు నుంచి రోజూ ఎదుర్కొనే చోటు ఒకటి తెలుగు నేలను ఆనుకునే ఉంది. అది బస్తర్ దక్షిణ కొసన ఉన్న సుక్మా జిల్లా. అక్కడి సంగతికి ముందు, కడుపు పనితీరు కొంత తెలియాలి.

కడుపు ఎలా సాగుతుంది

ఖాళీగా ఉన్న జీర్ణాశయం ముడుచుకున్న సంచి లాంటిది. అందులో పట్టే పరిమాణం 100 మిల్లీలీటర్లకు అటూ ఇటూ. ముద్ద గొంతు దిగుతుండగానే వేగస్ నాడి ద్వారా సంకేతం అంది, కడుపు పైభాగం వదులవుతుంది. మామూలు భోజనానికి లీటరు, లీటరున్నర వరకు ఇబ్బంది లేకుండా సాగుతుంది. ఆపైన గోడల్లోని నాడులు మెదడుకు బిగువు సంకేతాలు పంపుతాయి. పేగుల నుంచి విడుదలయ్యే హార్మోన్లు కూడా తోడై ‘నిండింది’ అన్న భావన కలుగుతుంది. ఈ వ్యవహారమంతా పూర్తి కావడానికి సుమారు 20 నిమిషాలు పడుతుంది. పెద్దవాళ్లు నిదానంగా తినమనేది ఇందుకే. తిండి పోటీల్లో ఎక్కువ భాగం 10 నిమిషాల్లోనో, అంతకంటే తక్కువలోనో ముగిసిపోయేదీ ఇందుకే. మెదడుకు కబురు అందేలోగా పళ్లెం ఖాళీ కావాలి.

లావుగా ఉన్నవాళ్లే ఎక్కువ తినగలరన్న నమ్మకం ఈ పోటీల్లో ఎప్పుడో చెదిరిపోయింది. 2003లో 6 నిమిషాల 40 సెకన్లలో 65 ఉడికించిన గుడ్లు తిన్న సోన్యా థామస్ బరువు 50 కిలోల లోపే. పొట్ట చుట్టూ కొవ్వు లేకపోతే జీర్ణాశయం ముందుకు సాగడానికి చోటు దొరుకుతుందన్న వాదన అప్పటి నుంచి బలపడింది.

‘తిండికి తిమ్మరాజు, పనికి పోతరాజు’ అని ఎగతాళి చేసే మనమే బకాసురుడికి పంపిన బండెడు అన్నాన్ని దారిలోనే లాగించిన భీముణ్ని, ‘మాయాబజార్’లో పెళ్లివిందు ఊడ్చేసిన ఘటోత్కచుణ్ని తలుచుకుని మురిసిపోతాం. తెర మీద ఆ పళ్లేలు ఖాళీ చేసింది కెమెరా మాయ. ఇవాళ ‘బాహుబలి థాలీ’ అరగంటలో తింటే డబ్బు కట్టక్కర్లేదని హోటళ్లు పెట్టే పందేల్లో మాత్రం కడుపు నిజమైనదే.

సాధన పేరుతో చేసేదేమిటి

న్యూయార్క్‌లోని కోనీ ఐలాండ్‌లో ఏటా జులై 4న నేథన్స్ సంస్థ జరిపే హాట్‌డాగ్ పోటీ ఈ రంగంలో అన్నిటికంటే పేరున్నది. 2000 వరకు అక్కడి రికార్డు 25 చిల్లర. 2001లో జపాన్‌కు చెందిన తకేరు కొబయాషి ఏకంగా 50 తిన్నాడు. రికార్డు రెట్టింపయింది. నిర్వాహకుల దగ్గర అన్ని అంకెల కార్డులు లేక చేత్తో రాసి చూపించారని చెబుతారు. కొబయాషి గెలుపు వెనక ఉన్నది ఆకలి కాదు, లెక్క. సాసేజ్‌ను రెండుగా విరిచి ఒకేసారి రెండు ముక్కలూ నోట్లో పెట్టుకోవడం, బన్నును విడిగా నీళ్లలో ముంచి పిండి మింగడం, మధ్యమధ్య ఒళ్లు ఊపుతూ తిండిని కిందికి దింపడం. అక్కడి నుంచి ఇది పట్టుతో చేసే సాధనగా మారింది.

ఆ సాధనలో ముఖ్యమైనది కడుపును సాగదీయడం. తక్కువ వ్యవధిలో ఎక్కువ నీళ్లు తాగడం, క్యాబేజీ, పుచ్చకాయ లాంటి కేలరీలు తక్కువ, పరిమాణం ఎక్కువ ఉన్నవి గుట్టలుగా తినడం ఇందులో పాత పద్ధతులు. దవడ కండరాల కోసం గట్టి చూయింగ్‌గమ్ నములుతారు. గొంతు దగ్గర వాంతి వచ్చినట్టయ్యే ప్రతిచర్యను అణచుకోవడం, ముద్దకూ ముద్దకూ మధ్య ముక్కుతో ఊపిరి తీయడం, త్రేన్పులతో గాలిని వదిలి చోటు చేసుకోవడం కూడా అభ్యాసం చేస్తారు. పోటీకి ముందు ఒకటి రెండు రోజులు ఘనాహారం మానేసి ద్రవాల మీదే ఉంటారు. పోటీల నిర్వహణ సంస్థ మేజర్ లీగ్ ఈటింగ్ మాత్రం ఇళ్లలో చేసే సాధనను తాము ప్రోత్సహించమని చెబుతుంది. 18 ఏళ్లు నిండనివాళ్లను చేర్చుకోదు. వేదిక దగ్గర అత్యవసర వైద్య సిబ్బంది ఉండాలంటుంది. ఇంట్లో సాధన చేయకుండా 70 దాటడం ఎలా సాధ్యమో మాత్రం చెప్పదు.

2021లో జోయ్ చెస్ట్‌నట్ ఆ పోటీలో 76 హాట్‌డాగ్‌లు తిన్నాడు. మనిషి శరీరానికి ఇందులో హద్దు ఎక్కడో తేల్చాలని జేమ్స్ స్మోలిగా అనే పరిశోధకుడు 39 ఏళ్ల ఫలితాలను విశ్లేషించి 2020లో ‘బయాలజీ లెటర్స్’ పత్రికలో ఒక అంకె ఇచ్చారు: 10 నిమిషాల్లో 83. నాలుగేళ్ల తర్వాత, 2024 సెప్టెంబరు 2న, నెట్‌ఫ్లిక్స్ ప్రత్యక్ష ప్రసారంలో చెస్ట్‌నట్ సరిగ్గా 83 తిన్నాడు. అప్పుడు ఎదురుగా కూర్చుని 66 దగ్గర ఆగినవాడు కొబయాషి.

కొబయాషి కథలో రికార్డులకంటే పనికొచ్చేవి రెండున్నాయి. 2007లో పోటీకి కొద్ది రోజుల ముందు తన దవడ కీలు వాచి, నోరు సరిగ్గా తెరవలేకపోతున్నానని ప్రకటించాడు. 2024లో ఒక డాక్యుమెంటరీలో, తనకు ఆకలి అన్నదే తెలియడం లేదని, కడుపు నిండిన సంగతీ తెలియడం లేదని చెప్పి, పోటీల నుంచి తప్పుకుంటున్నట్టు వెల్లడించాడు. 23 ఏళ్ల సాధన సరిగ్గా అది చేయడానికే చేసినది.

ఎక్స్‌రే తెర మీద కనిపించింది

శిక్షణ పొందిన కడుపు లోపల ఏం జరుగుతుందో చూసిన పరీక్షలు చాలా తక్కువ. వాటిలో 2007లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ వైద్యులు చేసినది తరచూ ప్రస్తావనకు వస్తుంది. బాగా తినగలడని పేరున్న మామూలు మనిషినొకణ్ని, పోటీల్లో తినే యువకుణ్నొకణ్ని తీసుకుని, బేరియం తాగించి, హాట్‌డాగ్‌లు తింటుండగా ఎక్స్‌రే తెర మీద గమనించారు. మొదటివాడు 7 దగ్గర ఇక వల్ల కాదన్నాడు. అతని కడుపు పెద్దగా సాగలేదు. రెండోవాడు 10 నిమిషాల్లో 36 తిన్నాడు. వైద్యులే ఆపమన్నారు. అప్పటికి అతని జీర్ణాశయం పొత్తికడుపులో ఎక్కువ భాగం ఆక్రమించిన పెద్ద సంచిలా సాగిపోయింది. తిండిని నూరి ముందుకు నెట్టే కదలికలు దాదాపు లేవు. అంత తిన్నా కడుపు నిండిన భావన తనకు కలగలేదని అతను చెప్పాడు.

ఒకరిద్దరి మీద చేసిన పరీక్షతో అందరికీ వర్తించే నిర్ధారణ చేయలేం. వైద్యులు కూడా తమ మాటలను అనుమానంగానే చెప్పారు. అయితే వాళ్లు ఎత్తిచూపిన ప్రమాదం తర్కానికి నిలిచేదే. ఏళ్ల తరబడి సాగిన కడుపు తిరిగి ముడుచుకునే గుణం కోల్పోతే తిండిని కిందికి పంపలేని గ్యాస్ట్రోపరేసిస్ అనే స్థితి రావచ్చు. ఆగని వికారం, వాంతులు ఉంటాయి. చివరికి జీర్ణాశయంలో కొంత భాగాన్నో, మొత్తాన్నో తీసేయాల్సిన పరిస్థితి రావచ్చు. పోటీలు మానేశాక ‘చాలు’ అన్న సంకేతం లేకుండానే తింటూ పోతే స్థూలకాయం తప్పదు.

గొంతు, నీళ్లు, మిరపకాయ

మనలాంటి చోట్ల అసలు భయం గొంతు దగ్గరే. మింగేటప్పుడు శ్వాసనాళం మీద ఒక చిన్న మూత వాలుతుంది, ఆ క్షణం ఊపిరి ఆగుతుంది. నోటి నిండా కుక్కుకుని, నవ్వుతూ, అరుస్తూ, ఊపిరి కోసం ఎగబీలుస్తూ తింటే ఆ వరస తప్పుతుంది. ఇడ్లీ మెత్తనిది కదా అనుకుంటాం. చట్నీ, సాంబారు తడి లేకుండా వరసగా కుక్కితే అది నోట్లో అదిమిన పిండి ముద్దగా మారి గొంతుకు బిరడాలా పడుతుంది. ఉడికించిన గుడ్డు జారుడుగా ఉండి, సరిగ్గా గొంతు కొలతకు సరిపోతుంది. జపాన్‌లో 2002లో ఒక బడిపిల్లవాడు మధ్యాహ్న భోజనంలో రొట్టె తినే పందెం వేసి ఊపిరాడక చనిపోయాక అక్కడి టీవీ చానళ్లు తిండి పోటీల కార్యక్రమాలను కొంతకాలం ఆపేశాయి. 2017లో అమెరికాలోని కనెటికట్‌లో ఒక విద్యార్థిని పాన్‌కేకుల పోటీలో, 2020లో ఆస్ట్రేలియాలో ఒక మహిళ లామింగ్టన్ కేకుల పోటీలో ఇలాగే ప్రాణాలు పోగొట్టుకున్నారు. తిండి పదార్థం మారుతోంది, మరణం తీరు మారడం లేదు.

మనకు పొలమారితే తల మీద తట్టి ‘ఎవరో తలుచుకుంటున్నారు’ అంటారు. పొలమారినవాడు దగ్గగలుగుతున్నాడంటే గాలి ఆడుతోందని అర్థం. అతణ్ని దగ్గనివ్వాలి. మాట, దగ్గు రెండూ రాక, చేతులతో గొంతు పట్టుకుంటే అప్పుడు తల తట్టడం, నీళ్లు పట్టడం ప్రమాదకరం. ముందుకు వంచి, రెండు భుజపుటెముకల మధ్య అరచేతి మడమతో గట్టిగా 5 దెబ్బలు వేయాలి. అప్పటికీ రాకపోతే వెనక నిలబడి, బొడ్డుకు కాస్త పైన పిడికిలి ఆనించి, లోపలికీ పైకీ 5 సార్లు ఒక్క ఊపున నొక్కాలి. అడ్డం బయటికి వచ్చేవరకు ఈ రెండూ మార్చి మార్చి చేయాలి. గర్భిణులకు పొట్ట మీద కాకుండా ఛాతీ మీద నొక్కుతారు. ఏడాది లోపు పిల్లలకు పద్ధతి వేరు: బోర్లా పడుకోబెట్టి వీపు మీద తట్టడం, వెల్లకిలా తిప్పి ఛాతీ మీద రెండు వేళ్లతో నొక్కడం. స్పృహ తప్పితే సీపీఆర్ మొదలుపెట్టాలి. కనిపించని అడ్డం కోసం నోట్లో వేళ్లు పెట్టి వెతికితే అది ఇంకా లోపలికి పోతుంది. మెదడుకు ప్రాణవాయువు అందకపోతే నాలుగైదు నిమిషాల్లోనే కోలుకోలేని దెబ్బ తగులుతుంది.

నీళ్లు తాగి కడుపు సాగదీసే సాధనలో మరో ముప్పుంది. మూత్రపిండాలు గంటకు బయటికి పంపగలిగినదానికంటే ఎక్కువ నీరు చేరితే రక్తంలో సోడియం పలచబడుతుంది. దీన్ని హైపోనాట్రీమియా అంటారు. మెదడు కణాలు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. తలనొప్పి, వాంతులు, మూర్ఛ, చివరికి మరణం. 2007 జనవరిలో కాలిఫోర్నియాలోని శాక్రమెంటోలో ఒక రేడియో స్టేషన్ మూత్రానికి వెళ్లకుండా నీళ్లు తాగే పోటీ పెట్టింది. బహుమతి వీడియో గేమ్ యంత్రం. పోటీలో పాల్గొన్న 28 ఏళ్ల తల్లి ఆ రోజే చనిపోయింది. 2009లో జ్యూరీ ఆ కుటుంబానికి కోటీ 65 లక్షల డాలర్లకు పైగా పరిహారం ఇవ్వాలని చెప్పింది.

కారం తినడంలో గర్వపడే తెలుగువాళ్లకు ఒక మాట. ఒళ్లు మండే మిరపకాయల పోటీలు కడుపు మంటతోనే ఆగవు. అమెరికాలో ఒక పోటీలో కరొలైనా రీపర్ మిరపకాయ తిన్న 34 ఏళ్ల వ్యక్తికి భరించలేని తలనొప్పి వచ్చింది. మెదడు రక్తనాళాలు తాత్కాలికంగా ఇరుకైపోయాయని వైద్యులు 2018లో నమోదు చేశారు. 2016లో నమోదైన మరో కేసులో భూత్ జొలోకియా తిన్నాక వాంతులై అన్నవాహిక చిరిగిపోయింది. 2023లో విపరీతమైన కారం చిప్స్ సవాలు చేసిన 14 ఏళ్ల అమెరికన్ బాలుడి మరణం తర్వాత ఆ కంపెనీ సరుకును దుకాణాల నుంచి వెనక్కి తీసుకుంది.

కెమెరా ముందు కూర్చుని అతిగా తినే వీడియోలు కూడా ఈ ఆటకు కొనసాగింపే. 2021లో చైనా ఆహార వృథా నిరోధక చట్టం తెచ్చి అలాంటి ప్రసారాలను నిషేధించింది. మన దగ్గర అవి పుంజుకుంటున్నాయి. పండగ సంబరాల్లో, కళాశాల వేడుకల్లో, హోటళ్ల ప్రచారంలో తిండి పోటీ తేలిగ్గా చేరిపోతోంది. కబడ్డీ ఆటకు ప్రథమ చికిత్స పెట్టె పెట్టే యువజన సంఘానికి ఇడ్లీల పోటీకి అది కావాలన్న ఆలోచన రాదు.

సుక్మాలో అదే ప్రశ్న

2012లో దంతేవాడ నుంచి విడిపోయి ఏర్పడిన సుక్మాకు తెలుగువాళ్లతో పొత్తు ఎక్కువ. శబరి ఒడ్డున కోంటా దాటితే ఆంధ్రప్రదేశ్‌లోని చింతూరు, ఆపైన తెలంగాణలోని భద్రాచలం. కోంటా బజారులో గోండి, దోర్లీ, హల్బీలతో పాటు తెలుగూ వినిపిస్తుంది. ఆ వైపు రోగులు చాలామంది 30వ నంబరు జాతీయ రహదారి మీదుగా భద్రాచలం ఆస్పత్రికే వస్తారు. అది 60 కిలోమీటర్ల పైమాట. అటు జగదల్‌పుర్ వైద్య కళాశాలకు వెళ్లాలంటే సుక్మా పట్టణం నుంచే 100 కిలోమీటర్లు. రోడ్డు లేని ఊళ్ల సంగతి చెప్పక్కర్లేదు. నాలుగైదు నిమిషాల్లో తేలిపోయే గొంతు అడ్డానికి ఇంత దూరంలో ఉన్న ఆస్పత్రి ఆసరా కాలేదు. పక్కనున్నవాడి చేతులే ఆసరా.

ఈ ప్రాంతంలో తిండికి సంబంధించిన పెద్ద పోటీ ఒకటుంది. 2025 మార్చిలో మొదలై ఏప్రిల్ 5న దంతేవాడలో ముగిసిన ‘బస్తర్ పండుమ్’ ఉత్సవంలో ఆదివాసుల వంటకాలు, పానీయాలు ఒక విభాగం. మన ‘పండుగ’కు దగ్గరి మాట ఇది. అక్కడ బహుమతి వండి చూపినవాళ్లకు, ఎక్కువ తిన్నవాళ్లకు కాదు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం ఛత్తీస్‌గఢ్‌లో అయిదేళ్లలోపు పిల్లల్లో 34.6 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. 18.9 శాతం మంది ఎత్తుకు తగ్గ బరువు లేరు. ఇలాంటి పిల్లల్లో మరీ చిక్కిపోయినవాళ్లను పోషణ పునరావాస కేంద్రాల్లో చేరుస్తారు. సుక్మా జిల్లాలోనూ ఇవి పనిచేస్తున్నాయి. జబ్ట చుట్టుకొలత 11.5 సెంటీమీటర్లకు తగ్గడం, ఎత్తుకు తగిన బరువు బాగా పడిపోవడం, రెండు పాదాలూ నీరు పట్టడం తీవ్రతకు గుర్తులు. వాటితో పాటు జబ్బో, ఆకలి లేకపోవడమో ఉంటే కేంద్రంలో ఉంచాల్సిందే.

అలాంటి బిడ్డను చూస్తే కడుపు నిండా పెట్టాలనిపిస్తుంది. పెడితే చనిపోవచ్చు. దీర్ఘకాలం పస్తులున్న శరీరం కొవ్వును, కండను కరిగించుకుని బతుకుతుంది. ఒక్కసారిగా పిండి పదార్థాలు అందితే ఇన్సులిన్ పెరిగి, రక్తంలో మిగిలిన కాస్త ఫాస్ఫేటు, పొటాషియం, మెగ్నీషియం కణాల్లోకి వెళ్లిపోతాయి. గుండె లయ తప్పుతుంది, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. వైద్యులు దీన్ని రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. 1945లో నాజీ శిబిరాల నుంచి విడుదలైన బందీల్లో ఎందరో ఆహారం దొరికాకే చనిపోయారు. ఆ రోజుల్లోనే అమెరికాలోని మిన్నెసోటాలో 36 మంది యువకులను వాళ్ల సమ్మతితో అర్ధాకలితో ఉంచి పరిశీలించారు. ఆంక్షలు తీసేశాక కొందరు ఎంత తిన్నా తనివి తీరని స్థితికి చేరారు. తిండి ఎక్కువై ఒకరి కడుపును ఆస్పత్రిలో ఖాళీ చేయించాల్సి వచ్చింది. ఆకలి మితిమీరినా ‘చాలు’ అన్న సంకేతం చెడుతుందని అక్కడ బయటపడింది.

అందుకే పునరావాస కేంద్రాల్లో తిండి మందులా కొలిచి ఇస్తారు. మొదటి దశలో ఎఫ్-75 అనే పలచటి పాల ఆహారం. 100 మిల్లీలీటర్లకు 75 కేలరీలే ఉంటాయి. మన కేంద్రాల్లో పాలు, పంచదార, నూనె, మరమరాల పొడితో దీన్ని అక్కడే కలుపుతారు. రోజుకు కిలో బరువుకు 130 మిల్లీలీటర్లు మించకుండా, రాత్రీ పగలూ 2 గంటలకోసారి. 6 కిలోల బిడ్డకు విడతకు 65 మిల్లీలీటర్లు, టీ కొట్టు గ్లాసులో సగం పైచిలుకు. సీసాతో కాదు, కప్పుతో, చెంచాతో పట్టిస్తారు. పని మానుకుని వచ్చిన తల్లికి ‘ఇంతేనా’ అనిపించే కొలత ఇది. బిడ్డను ఇంటికి తీసుకెళ్లిపోవాలనుకునేదీ తరచూ ఈ రోజుల్లోనే. ఇంత తక్కువ ఎందుకో ఆమె భాషలో చెప్పగల నర్సు ఉంటే సగం పని అయినట్టే.

వాపు తగ్గి, ఆకలి తిరిగి వచ్చాకే ఎఫ్-100కు మారతారు. మొదట పాత కొలతలోనే ఇస్తారు. నాడి, ఊపిరి వేగం గమనిస్తూ రెండు రోజుల తర్వాత విడతకు 10 మిల్లీలీటర్ల చొప్పున పెంచుకుంటూ పోతారు. ఎక్కడ ఆపాలో నిర్ణయించేది బిడ్డే. కప్పులో కాస్త మిగిల్చిందంటే ఆ పూటకు అది చాలని లెక్క.